జర్మనన్న చెప్పని మాట

23 అక్టోబర్ 1993, శనివారం

ఈరోజు ఫ్యాక్టరీలో ఆయుధ పూజ. టైపింగ్ ఉండదు కదా అని కొత్త చీర కట్టుకుని పోయాను. పోయాక తెలిసింది, అందరికంటే నాకే ఎక్కువ పని.

స్టెనో ఉద్యోగం అని చేర్చుకున్నారు. ఇంగ్లీషు వచ్చు కదా అని ఇప్పుడు హోల్‌మన్ పక్కన నిలబెట్టారు. ఆయన ఇనుప రేకుల్ని కోసి వంచే కొత్త పవర్ ప్రెస్సులు బిగించడానికి జర్మనీ నుంచి వచ్చాడు. ఆయన ఇంగ్లీషులో చెబుతాడు, నేను తెలుగులో చెబుతాను. ఇక్కడి ఆపరేటర్లు తెలుగులో అడుగుతారు, నేను ఇంగ్లీషులో అడుగుతాను. సాయంత్రానికి గొంతు పోతుంది. మనిషి ఆఫీసర్ కాదు, ఫిట్టర్. వాళ్ళ ఊళ్ళో యూనియన్ లీడర్ కూడానట. సార్ అంటే ఊరుకోడు. అందుకని ప్రెస్ షాపులో పనివాళ్ళంతా జర్మనన్న అని పిలుస్తారు.

పూజ కోసం మనవాళ్ళు ప్రెస్సుల ముందుండే ఇనుప జాలీలు ఊడదీశారు. ఆపరేటర్ చెయ్యి లోపలికి పోకుండా ఆపేవి అవే. అది చూసి హోల్‌మన్ కేకలు పెట్టుకుంటూ వచ్చాడు. ముసలి ఆపరేటర్ మొగులయ్య ఏమాత్రం బెదరలేదు. మొఖానికి జాలీ అడ్డముంటే తల్లికి బొట్టు యాడ పెట్టాలె, పూజ అయినంక మల్ల మేమే పెడతం, జర చెప్పు బిడ్డా అన్నాడు. నేను చెప్పాను. ఆయన నవ్వేశాడు. కొబ్బరికాయ ఆయన చేతే కొట్టించారు. కానీ జాలీలన్నీ తిరిగి బిగించేదాకా ఆయన అక్కడి నుంచి కదల్లేదు.

తర్వాత అందర్నీ పిలిచి ఒక చాబి చూపించాడు. జాలీ లేకపోతే ప్రెస్ నడవదట. రిపేరు కోసం అట్లా నడపాలంటే ఈ చాబి పెట్టి తిప్పాలట. ఇది నీ జేబు దాటి పోకూడదు అని సూపర్‌వైజర్ జగదీశ్ చేతిలో పెట్టాడు. తర్వాత తన ఎడమ చెయ్యి ఎత్తాడు. రెండు వేళ్ళు సగానికే ఉన్నాయి. పద్నాలుగేళ్ళకు ప్రెస్ షాపులో చేరాడట. పెళ్ళి కాకముందే ఆ వేళ్ళు పోయాయట. ఆ కోపంతోనే యూనియన్‌లో చేరానన్నాడు. అది తెలుగులో చెప్పాక ఆపరేటర్లు ఎవరి చేతులు వాళ్ళు చూసుకున్నారు.

పూజ కొబ్బరి తిన్నవా అని అమ్మ అడిగింది. తిన్నానన్నాను. పాస్టర్ గారికి చెప్పకు అంది.

11 డిసెంబర్ 1993

హోల్‌మన్ రేపు వెళ్ళిపోతున్నాడు. ఈరోజు మా ఇంట్లో భోజనం. అమ్మ చేపల పులుసు చేసింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, అయినా రెండోసారి వేయించుకున్నాడు. మొగులయ్య, ఇంకో నలుగురు ఆపరేటర్లు కూడా వచ్చారు. యూనియన్ ఎట్లా పెట్టాలో సాయంత్రం దాకా చెప్పాడు. ఒక్కడు పోతే మేనేజర్ కుర్చీలోంచి తల ఎత్తడు, అందరూ పోతే లేచి నిలబడతాడు అన్నాడు. ఈ మాట నేను మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. వినడానికి వాళ్ళకు అంత బాగుంది.

7 జూన్ 1994

యూనియన్ రిజిస్టర్ అయింది. మొగులయ్య ప్రెసిడెంట్. యూనియన్ రూములో హోల్‌మన్ ఫొటో పెట్టి దండేశారు. బతికున్న మనిషికి దండేంది అని నేనే తీయించాను.

2 మే 1996

హోల్‌మన్ ఉత్తరం వచ్చింది. వాళ్ళ రాష్ట్రంలో శాసనసభకు గెలిచాడట. మొగులయ్య ప్రెస్ షాపంతా లడ్డూలు పంచాడు. మనోడు ఎమ్మెల్యే అయిండు, ఫిట్టర్ ఎమ్మెల్యే అయిండు అని ఒకటే సంబరం. మధ్యాహ్నానికి అదే వార్త మేనేజ్‌మెంటు వాళ్ళు కూడా నోటీస్ బోర్డులో పెట్టారు, ఫొటోతో సహా.

మనకు పండగైతే వాళ్ళకెందుకు పండగ? ఈ మాట మొగులయ్యతో అంటే, నీకన్నీ అనుమానాలే అన్నాడు.

10 అక్టోబర్ 1997, శుక్రవారం

పూజ అయింది. జాలీలు తిరిగి పెట్టబోతుంటే జగదీశ్ ఆపాడు. ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ ఉంది, జాలీ ఉంటే పని నెమ్మది అయితది, ఒక్క వారం ఆగుండ్రి అన్నాడట. ఒక్కొక్క ప్రెస్సుకూ చాబి తిప్పుకుంటూ పోయాడట. మొగులయ్య గొడవ పెట్టుకున్నాడు. జగదీశేమో వారమే కదా తాతా అని ఆయన భుజం మీద చెయ్యేశాడట.

వారం అంటే ఎన్నాళ్ళో చూస్తాను.

18 నవంబర్ 1997, మంగళవారం

కొండల్ కుడి చెయ్యి ప్రెస్సులో పడింది.

మా గల్లీ పిల్లవాడు. తొండుపల్లిలో మా ఇంటి వెనకే ఇల్లు. నన్ను అక్కా అంటాడు. ఈ ఉద్యోగం నేనే మొగులయ్యను బతిమాలి పెట్టించాను. బొటనవేలు మిగిలిందట. మిగతావి లేవు. పట్నం దవాఖానకు తీసుకుపోయారు. వాడి భార్య నిర్మలకు నేనే పోయి చెప్పాల్సి వచ్చింది. ఏ చెయ్యి అక్కా అని ఒక్కటే అడిగింది.

సాయంత్రం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ప్రెస్సులన్నిటికీ జాలీలు ఉన్నాయి. ఆయన టీ తాగి పోయాడు. ఆయన జీపు బెంగుళూరు రోడ్డెక్కగానే మళ్ళీ తీసేశారు.

4 డిసెంబర్ 1997

కొండల్ మీద చార్జ్‌షీట్. నాతోనే టైప్ చేయించారు. పూజ పేరుతో జాలీ తానే తీశాడట, తిరిగి పెట్టలేదట, కంపెనీ ఆస్తిని తన ఇష్టం వచ్చినట్టు వాడాడట. రుజువైతే ఉద్యోగం నుంచి తీసేస్తారు. చెయ్యి పోగొట్టుకున్నవాడికి ఇక బయట ఎవడు పని ఇస్తాడు?

ఒక్కో అక్షరం కొడుతుంటే ఒళ్ళు మండిపోయింది. పూజను మధ్యలోకి లాగారు చూడు, అక్కడ మండింది ఎక్కువ. నేను బొట్టు పెట్టుకోను, కొబ్బరికాయ కొట్టను. అయినా వాళ్ళు జాలీ తీసేది ఎందుకో, తిరిగి ఎంత జాగ్రత్తగా పెడతారో ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. యంత్రానికి దండం పెట్టుకున్నందుకు చెయ్యి పోయిందని రాయించారు నాతో.

19 డిసెంబర్ 1997

ఎంక్వయిరీ. మొగులయ్య సాక్ష్యం చెప్పాడు, చాబి తిప్పింది జగదీశ్ అని. యూనియన్ ప్రెసిడెంట్ కాబట్టి ఆ మాట చెల్లదట. మిగతావాళ్ళు చూడలేదన్నారు. అందరికీ పిల్లలున్నారు. నేను వాళ్ళను ఏమీ అనను. కానీ లంచ్‌లో ఒక్కరి పక్కన కూడా కూర్చోలేదు.

7 జనవరి 1998

హోల్‌మన్ వస్తున్నాడు! కొత్త షెడ్డు ఓపెనింగ్‌కు, వాళ్ళ రాష్ట్రం నుంచి వచ్చే బృందంతో. పర్సనెల్ మేనేజర్ నన్ను పిలిచి, జూలీ గారూ, అనువాదం మీరే చూసుకోవాలండీ అన్నాడు. ఆయనది గుంటూరు వైపు. తిట్టినా అండీ అనే తిడతాడు.

మొగులయ్య మొహం వెలిగిపోయింది. ఆ ప్రెస్సు బిగించిందే ఆయన, చాబి లేకుంటే నడవదని జర్మనన్న ఒక్క మాట చెప్తే అయిపాయె, ఇగ ఏ ఎంక్వయిరీ నిలబడతది అన్నాడు. నిజమే. కొండల్ ఒక్కడే తీసి నడిపాడనడానికి అప్పుడు వీలుండదు. చాబి ఎవరి జేబులో ఉందో అందరికీ తెలుసు. ఒక్క మాట చాలు.

20 జనవరి 1998

బేగంపేట ఎయిర్‌పోర్టుకు బొకే పట్టుకుని పోయాను. హోల్‌మన్ లావయ్యాడు. టై కట్టాడు. నన్ను చూసి చేతులు రెండూ పట్టుకున్నాడు. అమ్మ చేపల పులుసు గుర్తుందన్నాడు. మేనేజర్లు ముందు కారెక్కారు, వెనక కారులో మేమిద్దరమే.

ఆరాంఘర్ దాటకముందే అంతా చెప్పేశాను. కొండల్ చెయ్యి, చాబి, పూజ, చార్జ్‌షీట్. ఆయన ముందుగా వాళ్ళ భాషలో ఏదో తిట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. శంషాబాద్ వచ్చేసరికి మాట మారింది. విషయం అంత సులువు కాదన్నాడు. కొత్త షెడ్డుకు కావాల్సిన ప్రెస్సులు తన ఊళ్ళోనే తయారవుతాయట. ఆ ఆర్డర్ పోతే ఆ ఫ్యాక్టరీ మూతబడుతుందట. అక్కడ పనిచేసేవాళ్ళు తనకు ఓటేసినవాళ్ళట, కొందరు తనతో ప్రెస్సు మీద నిలబడ్డవాళ్ళట. నేనిక్కడ అతిథిని, కంపెనీ ఇంటి విషయాల్లో ఎట్లా వేలుపెడతాను అన్నాడు.

వేలు అన్నాడు. నేను ఆయన చేతి వైపు చూశాను. ఆయనా చూసుకున్నాడు.

లంచగొండి అయివుంటే బాగుండేది. మనసారా తిట్టుకునేదాన్ని. ఆయన వాళ్ళవాళ్ళ అన్నం కోసమే మాట్లాడుతున్నాడు. అది అర్థమవుతున్నందుకు ఇంకా కోపమొస్తోంది. మా కొండల్ అన్నం ఎవరి లెక్కలో పడాలి మరి?

21 జనవరి 1998, సాయంత్రం

ఇంటికి రాగానే డైరీ తీశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కొత్త షెడ్డు ముందు షామియానా. స్టేజీ మీద ఎండీ, మేనేజర్లు, జర్మనీ బృందం. పేపర్ల వాళ్ళు కింద ముందు వరసలో. కార్మికులంతా ఎదురుగా. హోల్‌మన్‌కు శాలువా కప్పారు. ఆయన మాట్లాడాడు, నేను తెలుగులో చెప్పాను. స్నేహం అన్నాడు, రెండు దేశాలు అన్నాడు, భవిష్యత్తు అన్నాడు. చప్పట్లు కొట్టారు. పాపం, నిజంగానే కొట్టారు. కొండల్ చివర్లో కూర్చున్నాడు, కట్టు మీద తువ్వాల కప్పుకుని.

అప్పుడు మొగులయ్య లేచాడు. ఎవరూ పిలవలేదు. కింద ఉన్న మైకు అందుకున్నాడు. అన్నా, నువ్వు బిగించిన ప్రెస్సు జాలీ లేకుండ నడవాలంటే చాబి తిప్పాల్నా వద్దా, అవును కాదు, గంతే చెప్పు అన్నాడు. నేను ఇంగ్లీషులో అడిగాను, ఒక్క మాట కూడా అటూ ఇటూ కాకుండా.

హోల్‌మన్ లేచి నిలబడ్డాడు. మొగులయ్యను పాత మిత్రుడన్నాడు. భద్రత అందరి బాధ్యత అన్నాడు. ఎంక్వయిరీ నడుస్తున్నప్పుడు అతిథి మాట్లాడటం మర్యాద కాదన్నాడు. మేనేజ్‌మెంటు మీద తనకు పూర్తి నమ్మకం ఉందన్నాడు. ఇంగ్లీషు ఎంత బాగా నేర్చుకున్నాడో. ఫిట్టర్‌గా వచ్చినప్పుడు ఇంత రాదు.

అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. కొండల్ కూడా. ఆ నున్నటి మాటలు అట్లాగే తెలుగులో చెబితే వీళ్ళు మళ్ళీ చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు నేను వినలేను. అందుకని ఆయన మాటల్లో ఉన్నదేదో అదే చెప్పాను. చాబి తిప్పకుంటే నడవదని ఆయనకు ఎరుకే, కానీ చెప్పనంటున్నడు, కంపెనీకి మెహమాన్‌గ వచ్చిన, నన్ను అడగొద్దంటున్నడు అన్నాను.

ఒక్కరు కూడా కదల్లేదు. చప్పట్ల కోసం చూస్తున్న హోల్‌మన్, నా చెవి దగ్గరకు వంగి, వాళ్ళకేం చెప్పావు అని అడిగాడు. మీరు చెప్పిందే అన్నాను.

పర్సనెల్ మేనేజర్‌కు రెండు భాషలూ వచ్చు కదా, మొహం ఎర్రబడింది. జూలీ గారూ, అది తప్పండీ, ఆయన అలా అనలేదండీ అని లేచాడు. మైకు ఆన్‌లోనే ఉంది. మొగులయ్య కింది నుంచి, తప్పయితే ఒప్పేందో ఆయననే చెప్పమనుండ్రి సారు, మేం వింటం అన్నాడు.

మేనేజర్ హోల్‌మన్‌కు చెవిలో అంతా చెప్పాడు. ఆయన నా వైపు చూశాడు. తర్వాత జనం వైపు చూశాడు. ఇంకా అవకాశం ఉంది. ఒక్క మాట. గ్లాసు తీసి నీళ్ళు తాగాడు. థాంక్యూ అన్నాడు.

థాంక్యూ అంటున్నడు అని చెప్పి మైకు కింద పెట్టేశాను.

22 జనవరి 1998, పొద్దున ఏడు

సస్పెన్షన్. ఫ్యాక్టరీ జీపులో మనిషి వచ్చి చెప్పిపోయాడు. కావాలని తప్పుగా అనువాదం చేశానట, కంపెనీ పరువు తీశానట. ఇంగ్లీషు నేర్పిన మిషన్ స్కూలు టీచర్ వింటే వాళ్ళ మీద కేసు వేస్తుంది.

అదే రోజు, తొమ్మిదిన్నర

హోల్‌మన్ ఇంటికొచ్చాడు. మా గల్లీలో కారు పట్టదు, మలుపు దగ్గర దిగి నడిచొచ్చాడు. అమ్మ కుర్చీ వేసింది, టీ పెట్టింది. నేను పలకరించలేదు.

నువ్వు నన్ను అందరి ముందు అవమానించావు అన్నాడు. పేపర్లో పడితే తన ఊళ్ళో కూడా తెలుస్తుందట. పొరపాటున తప్పు చెప్పానని ఒప్పుకుంటే నీ సస్పెన్షన్ ఎత్తేయిస్తాను అన్నాడు. కొండల్ విషయం కూడా ఎండీతో విడిగా మాట్లాడతాడట. పనులు ఇట్లాగే అవుతాయి, స్టేజీల మీద కావు, బాధ్యత మీద పడితే నీకే తెలుస్తుంది అన్నాడు. తప్పు చెప్పలేదు, ఒప్పుకోను అన్నాను. యూనియన్ పెట్టేటప్పుడు విడిగా మాట్లాడుకోమని ఎందుకు చెప్పలేదు, అందరూ కలిసి పోండి అని నాతో మూడుసార్లు ఎందుకు చెప్పించారు అని అడిగాను. ఆయన టీ గ్లాసు పక్కకు జరిపాడు. కోపంతో నాకు ఇంగ్లీషు దొరకలేదు, చివరి మాటలు తెలుగులోనే అరిచాను.

అమ్మకు ఏం అర్థమైందో ఏమో, నేను చెప్పేది ఉన్నదున్నట్టు చెప్పు అంది. ఆ పిలగాని చెయ్యి చూసినవా అని అడుగమంది. అడిగాను. లేదన్నాడు. మా ఇంటెనకనే ఉంటడు, నడిచిపోతే చాయ్ సల్లారదు, పోయి చూసి రమ్మను అంది. అదీ చెప్పాను.

ఆయన వాచీ చూసుకున్నాడు. ఫ్లైటుందన్నాడు. అమ్మకు వంగి దండం పెట్టి, వచ్చిన దారినే పోయాడు. వెనక గల్లీ వైపు తల కూడా తిప్పలేదు.

ఇంటికొచ్చినోన్ని ఏమనొద్దు గని, వీడేం ఎమ్మెల్యే అంది అమ్మ. టీ పారబోసి గ్లాసు రెండుసార్లు కడిగింది.

24 జనవరి 1998

మొగులయ్య వచ్చి చెప్పాడు. పొద్దున షిఫ్టులో ఆపరేటర్లంతా ఎవరి ప్రెస్సు ముందు వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారట. నినాదం లేదు, జెండా లేదు. జాలీ పెట్టుండ్రి, పని చేస్తం అన్నారట, అంతే. జగదీశ్ బెదిరించాడు, బతిమాలాడు. మేనేజర్ వచ్చాడు. మధ్యాహ్నం లోపల జాలీలన్నీ బిగించి చాబి మేనేజర్ తీసుకుపోయాడట. డిసెంబరులో ఏమీ చూడలేదన్నవాళ్ళే ఈరోజు కూర్చున్నారు.

పగలబడి నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది. ఈ పని నవంబరుకు ముందే చేసి ఉంటే అనిపించింది. అది మాత్రం మొగులయ్యతో అనలేదు. ముసలాయన అప్పటికే తల వంచుకుని ఉన్నాడు.

యూనియన్ రూములో ఆ ఫొటో ఏం చేశారు అని అడిగాను. గోడకే ఉంది, గోడ వైపు తిప్పిపెట్టిన్రు అన్నాడు.

9 ఫిబ్రవరి 1998

నిర్మల వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది. కొండల్ వేలిముద్ర వేశాడట. జాలీ తనే తీశానని ఒప్పుకున్నాడట. ఒప్పుకుంటే దయతలచి వాచ్‌మన్ ఉద్యోగం ఇస్తామన్నారట. జర్మనాయన పోయే ముందు ఎండీకి చెప్పిపోయిండంట అక్కా అంది.

నలుగురిలో చెప్పాల్సిన మాట చెవిలో చెప్పి పోయాడు. ఉద్యోగం దొరికింది, తప్పు మాత్రం కొండల్ నెత్తిన ఉండిపోయింది. జగదీశ్ జేబు శుభ్రంగా ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు, వాడి చెయ్యి తప్ప, నా ఉద్యోగం తప్ప. నిర్మల మీద విరుచుకుపడ్డాను. సిగ్గు లేదా మీకు అన్నాను. మీకోసం నేను నడిరోడ్డున పడ్డాను అన్నాను. ఆ పిల్ల ఏడవలేదు. ఇంట్ల పిల్లలున్నరు అక్కా, గదే నువ్వయితే ఏం చేస్తుంటివి అంది.

తలుపేసుకున్నాను. తను తలుపవతల నుంచే, మా ఆయనను కంపెనోళ్ళు నీతోని, యూనియనోళ్ళతోని మాట్లాడొద్దన్నరు, అది చెప్పనీకె వచ్చిన అని లోపలికి వినబడేటట్టు చెప్పి పోయింది.

4 మార్చి 1998

ఈరోజు సేఫ్టీ డే. ఫ్యాక్టరీ గేటుకు బ్యానర్ కట్టారట. జాలీ మీద చెయ్యేసి హోల్‌మన్ నవ్వుతున్న పాత ఫొటో, కింద ఆయన సలహాతో మా భద్రత అని. మొగులయ్య చెబుతుంటే నాకు కోపం కూడా రాలేదు. అది చూసి నాకే భయమేసింది. రాత్రి అన్నం ముందు కూర్చున్నాక వచ్చింది, కంచం తోసేశాను.

16 మార్చి 1998

నా ఎంక్వయిరీకి పిలిచారు. కొత్తూరులో బస్సు దిగి ఫ్యాక్టరీ గేటు దగ్గరకు పోయాను.

కొండల్ వాచ్‌మన్ యూనిఫాంలో ఉన్నాడు. కుడి చెయ్యి ప్యాంటు జేబులో. వెనక జగదీశ్ నిలబడి చూస్తున్నాడు. అక్కా అనలేదు. మేడమ్, ఎవరిని కలవాలె అన్నాడు. పేరేంది అన్నాడు. ఊరేంది అన్నాడు.

జూలీ, తొండుపల్లి అన్నాను.

జర బయటనే నిలబడుండ్రి, అడిగి వస్త అన్నాడు.

నిలబడ్డాను. నేను కొట్లాడింది వాడి ఉద్యోగం కోసమే. వాడు అది సరిగ్గానే చేస్తున్నాడు.